టైటానియం ఇంత గట్టిది కదా... మరి రాపిడికి ఎందుకు ఓడిపోయింది?

అంతర్వేది బీచ్‌కి వెళ్లినప్పుడు తడి ఇసుక మీద నల్లటి చారలు చూశారా? మురికి అనుకుంటాం. కానీ అందులో ఇల్మనైట్ ఉంటుంది, అంటే టైటానియం ఖనిజం. 2023లో ఐఫోన్ 15 ప్రో ఫ్రేమ్‌కి వాడారే, ఆ లోహమే.

1791లో ఇంగ్లండ్‌లో విలియం గ్రెగర్ అనే పాదిరి ఇలాంటి నల్ల ఇసుకలోనే దీని ఆనవాలు పట్టాడు. ఉక్కు కంటే దాదాపు 40 శాతం తేలిక, తుప్పు పట్టదు. విమానాలవాళ్లు ఎగబడ్డారు, డాక్టర్లూ ఎగబడ్డారు.

దెబ్బ అక్కడే తగిలింది. 1970, 80ల్లో కృత్రిమ తుంటి కీలులో బంతిని కూడా టైటానియం మిశ్రమంతోనే చేశారు. కొందరికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సొచ్చింది. తెరిచి చూస్తే కీలు చుట్టూ కండ నల్లబడిపోయి ఉంది! బంతి అరిగి, ఆ పొడంతా లోపలే పేరుకుంది.

కారణం ఏంటంటే, టైటానియం పైన కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఉంటుంది. తుప్పుని ఆపేది అదే. గట్టిగా రుద్దుకుంటే అది చిరిగిపోయి, లోపలి లోహం ఎదుటిదానికి అతుక్కుని ఊడొస్తుంది.

మన ఎడ్లబండి చక్రం చూడండి. చెక్క చక్రానికి ఇనుప పట్టా కాల్చి ఎక్కిస్తారు కదా. ఇంజనీర్లు చేసిందీ అలాంటిదే. నైట్రోజన్‌లో బాగా వేడి చేస్తే పైన బంగారు రంగు టైటానియం నైట్రైడ్ పొర వస్తుంది. హార్డ్‌వేర్ షాపులో పసుపు రంగు డ్రిల్ బిట్లకి ఉండే పూత అదే. జెట్ ఇంజన్ ఫ్యాన్ బ్లేడ్లు రాసుకునే చోట టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని గ్యాస్ పేలుడుతో కొట్టి అతికిస్తారు. ఆ గన్‌కి 1955లో పేటెంట్ ఎవరిదో తెలుసా? యూనియన్ కార్బైడ్‌ది. అవును, భోపాల్ కంపెనీయే.

సోవియట్ వాళ్లది ఇంకో దారి, మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్. లోహాన్ని ద్రావణంలో ముంచి వందల వోల్టులు ఇస్తే ఒంటినిండా చిన్న చిన్న మెరుపులు. ఆ వేడికి ఆ పల్చటి ఆక్సైడ్ పొరే వేల రెట్లు మందమై సిరామిక్‌లా తయారవుతుంది. నాకైతే ఇదే బాగా నచ్చింది, బయటి నుంచి తొడుగు తేవక్కర్లేదు!

పేలుడు పూత, ఈ మెరుపుల పూత... రెండిటి మీదా మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ ఏళ్లుగా పనిచేస్తోంది. టైటానియం మిశ్రమాలు తయారుచేసే మిధాని కూడా హైదరాబాద్‌దే, 1973లో పెట్టారు.

మరి తుంటి సంగతి? ఇప్పుడు ఎముకలోకి దిగే కాడ చాలావరకు టైటానియందే. బంతి మాత్రం కోబాల్ట్ క్రోమ్‌ది, లేదా సిరామిక్‌ది. మీ ఇంట్లో తాతయ్యకో నానమ్మకో ఆ ఆపరేషన్ అయ్యుంటే, ఏది వేశారో డిశ్చార్జ్ కాగితాల్లో ఓసారి చూడండి.