అట్ట మీద లేని పేరు

1956లో అమెరికాలోని కొలంబియా కంపెనీ ‘బ్లూ రోజ్’ అనే ఎల్‌పీ రికార్డు విడుదల చేసింది. ముందు అట్ట మీద రెండు పేర్లు. పాడింది రోజ్‌మేరీ క్లూనీ. వాయించింది డ్యూక్ ఎలింగ్టన్, ఆయన ఆర్కెస్ట్రా. వింటే, హాలు నిండా కూర్చున్న సాజిందాల మధ్య ఆమె మైకు ముందు నిలబడి పాడుతున్నట్టే ఉంటుంది. హకీకత్ ఏమిటంటే, బ్యాండు వాయించిన రోజున ఆమె ఆ ఊళ్లోనే లేదు. బ్యాండు న్యూయార్క్‌లో, ఆమె కాలిఫోర్నియాలో. మధ్యన దగ్గర దగ్గర 4,000 కిలోమీటర్లు. ఆ దూరాన్ని భుజాన మోసిన మూడో మనిషి ఒకాయన ఉన్నాడు. బిల్లీ స్ట్రేహార్న్. నేను ఈ మజ్మూన్ రాస్తున్నది అసలు ఆయన కోసమే.

ముందు క్లూనీ మాట. జార్జ్ క్లూనీ సినిమాలు మీ ఇళ్లలో పిల్లలు చూసే ఉంటారు. ఆయనకు ఈమె ఫుప్పూ, అబ్బాకు సొంత అక్క. 1928లో కెంటకీ రాష్ట్రంలోని మేస్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. చెల్లెలు బెట్టీతో కలిసి సిన్సినాటి రేడియోలో పాడింది. తరువాత ఇద్దరూ టోనీ పాస్టర్ బ్యాండులో చేరి ఊరూరా తిరిగారు.

బిగ్ బ్యాండ్ అంటే బారాత్ ముందు నడిచే మన బ్యాండు మేళం లాంటిదే అనుకోకండి. బాజాలు కొన్ని అవే అయినా ఇది కూర్చుని వాయించే మెహ్‌ఫిల్. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు వరుసలుగా, వెనక డ్రమ్ములు, పక్కన పియానో, బేస్. పదిహేను మంది దాకా ఉంటారు. ఎవరి ముందు వాళ్ల కాగితాలు. ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఖామోష్‌గా ఉండాలో అన్నీ రాసిపెట్టి ఉంటాయి. ఆ రాసిపెట్టే హునర్‌నే అరేంజ్‌మెంట్ అంటారు. ఇక స్టాండర్డ్ అంటే పదిమంది పాడగా పాడగా నిలిచిపోయిన పాట. గాలిబ్ గజల్‌ను బేగం అఖ్తర్ పాడారు, జగ్జీత్ సింగ్ పాడారు. గజల్ అదే, అందాజ్ ఎవరిది వారిది. అలాగన్నమాట.

1930లలో ఆ బ్యాండులదే దౌర్. గాయని పేరు పోస్టర్ మీద అడుగున ఎక్కడో ఉండేది. ఆమె ఓ కుర్చీలో కూర్చుని, తన వంతు రాగానే లేచి పాడి, మళ్లీ కూర్చునేది. యుద్ధం రోజుల్లో అంతా తారుమారైంది. సాజిందాల యూనియన్ 1942 ఆగస్టు నుంచి రికార్డింగులు బంద్ పెట్టింది. పెద్ద కంపెనీలతో ఆ జగడం తెగేసరికి 1944 నవంబరు వచ్చింది. గాయకులు ఆ యూనియన్‌లో లేరు కనుక వెనక కోరస్ పెట్టుకుని పాడేశారు. జనం గాయకుడి పేరు అడిగి రికార్డు కొనడం అలవాటు చేసుకున్నారు. పైగా డాన్సు హాళ్ల మీద భారీ పన్ను పడింది. 1946 ఆఖరుకు పేరున్న బ్యాండులు చాలా విడిపోయాయి. తన పాటల మీద వచ్చే రాయల్టీ డబ్బును జీతాలకు పోస్తూ బ్యాండును నిలబెట్టుకున్నది ఎలింగ్టన్.

ఆ మార్పులో క్లూనీ గెలిచింది. గెలిచిందన్న మాట కొంచెం ఆలోచించే అనాలి. 1951లో ‘కమ్ ఆన్-ఎ మై హౌస్’ అనే పాట ఆమెను అమెరికా మొత్తానికి పరిచయం చేసింది. ఆ పాట ఆమెకు నచ్చలేదు. దొంగ యాసలో పాడాలి. పాడకపోతే ఉద్యోగం ఉండదని కంపెనీలో పాటల పెత్తనం చేసే మిచ్ మిల్లర్ బెదిరించాడని తరువాత ఆమే చెప్పుకుంది. పాడింది, నంబర్ వన్ అయింది. దౌలత్ వచ్చింది, నామ్ వచ్చింది. తన గొంతు ఏమిటో తనకు తెలిసిన ఫన్‌కార్‌కు మాత్రం అది ఖుషీ ఇవ్వదు.

ఎలింగ్టన్ హాలత్ ఇంకో రకం. ఆయన గొప్ప ఉస్తాద్ అని ఎవరూ కాదనరు. అయినా 1955 ఎండాకాలంలో ఆయన బ్యాండు న్యూయార్క్‌లో నీటి విన్యాసాల తమాషాకు వాయించాల్సి వచ్చింది. ఆయన జమానా అయిపోయిందని పత్రికలు రాశాయి. మంచి కబురు ఒకటే: 1951లో విడిపోయిన ఆల్టో శాక్సఫోన్ వాద్యకారుడు జానీ హాడ్జెస్ తిరిగొచ్చాడు.

ఇద్దరికీ ఈ రికార్డు జరూరత్. ప్రొడ్యూసర్ ఇర్వింగ్ టౌన్‌సెండ్. కానీ క్లూనీ అప్పుడు రెండో బిడ్డను మోస్తోంది. పెద్దవాడికి ఇంకా ఏడాది నిండలేదు. వేవిళ్లు విపరీతం. ప్రయాణం కూడదని డాక్టర్ ఖచ్చితంగా చెప్పేశాడు. వేవిళ్లతో ఉన్న కోడలి చేత ఒక్క రొట్టె తినిపించడానికి ఇల్లంతా ఎంత తంటాలు పడుతుందో మన ఆడవాళ్లకు తెలుసు. అటు బ్యాండుకు ఊరూరా కచేరీలు. పదిహేను మందిని కాలిఫోర్నియాకు తరలించడం కుదరదు.

అప్పుడు స్ట్రేహార్న్ బయలుదేరాడు.

ఆయన 1915లో పుట్టాడు, పిట్స్‌బర్గ్‌లో పెరిగాడు. 1938లో ఎలింగ్టన్‌ను కలిసి తన తర్జులు వినిపించాడు. అప్పటినుంచి షాగిర్దా, భాగస్వామా, ఇంటి మనిషా అని చెప్పడం ముష్కిల్. 1941లో బ్యాండుకు సంతకంలా నిలిచిపోయిన ‘టేక్ ది ఎ ట్రెయిన్’ ఈయన రాసిందే. జనం మాత్రం ఎలింగ్టన్‌ది అనుకునేవారు. ఇంటి ఖర్చులు ఉస్తాద్ చూసుకునేవాడు, పేరు కూడా ఉస్తాద్‌దే. 1950ల మొదట్లో ఆ బాధతోనే కొంత దూరం జరిగాడు. ‘బ్లూ రోజ్’ వాళ్లిద్దరూ మళ్లీ దగ్గరైన పని.

బెవర్లీ హిల్స్‌లో క్లూనీ ఇంట్లో మెహమాన్‌గా దిగాడు. ఒకప్పుడు జార్జ్ గెర్ష్విన్ ఉన్న ఇల్లు అది. పాటలు ఎంచుకోవడం, ఏ పాట ఆమెకు ఏ శ్రుతిలో ఒదుగుతుందో చూసుకోవడం, లయ ఎంత ఉండాలో తేల్చుకోవడం, ఇదీ పని. ఇందులో ఒక బారీక్ విషయం ఉంది. మామూలుగా రికార్డింగులో శ్రుతి సరిపోకపోతే ఆపి, మార్చి, మళ్లీ మొదలుపెడతారు. ఇక్కడ ఆ వీలు లేదు. న్యూయార్క్‌లో బ్యాండు ఒకసారి వాయించాక అది టేపు మీద రాయి మీద గీత. గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ మాటను సాగదీస్తుందో ముందే ఊహించి, అంత జాగా ఖాళీగా వదిలి రాయాలి. మనిషి లేకుండా కొలత మాత్రమే తీసుకెళ్లి షేర్వానీ కుట్టినట్టు.

ఆ కాగితాలతో ఆయన న్యూయార్క్ వెళ్లాడు. 1956 జనవరి 23న, 27న బ్యాండు వాయించింది. ఎవరూ పాడలేదు. ఆ టేపులు తీసుకుని మళ్లీ కాలిఫోర్నియా సఫర్. ఫిబ్రవరిలో క్లూనీ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, లేని బ్యాండుతో పాడింది. రెండింటినీ కలిపి ఇంకో టేపు మీదికి ఎక్కించారు. ఈ తరీకా కొత్తదేమీ కాదు. లెస్ పాల్, మేరీ ఫోర్డ్ అప్పటికే ఒక గొంతు మీద అదే గొంతు పేర్చి రికార్డులు చేశారు. కానీ ఒక పూర్తి బ్యాండును ఒక తీరంలో, గాయనిని ఇంకో తీరంలో పెట్టి ఆల్బమ్ మొత్తం చేయడం ఆ రోజుల్లో హిమ్మత్.

స్ట్రేహార్న్ పాట ఒక్కటే చూడలేదు. ఆమెకు కడుపులో తిప్పినప్పుడు బిస్కెట్లూ పాలూ తెచ్చి ఇచ్చాడట, కేకులు, పైలు తనే చేసిపెట్టాడట. ఆయన చేసిన ఖిద్మత్‌ను ఆమె జీవితాంతం తలచుకుంది. హెడ్‌ఫోన్లలో పాడటం ఇబ్బందిగా ఉంటే ఒక ఉపాయం చెప్పాడు. స్టూడియో సంగతి మరచిపో, నీ గదిలో అద్దం ముందు తల దువ్వుకుంటున్నావు, రేడియోలో ఎలింగ్టన్ బ్యాండు వస్తోంది, దానితో పాటు పాడుకుంటున్నావు అనుకో అన్నది దాని సారాంశం. నాకు ఈ రికార్డు తాళంచెవి ఇదే అనిపిస్తుంది. మీరూ వినండి, ఆమె ఎక్కడా బ్యాండును జయించాలని చూడదు.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ‘ఇట్ డోంట్ మీన్ ఎ థింగ్’ 1932లో, ‘ఐ గాట్ ఇట్ బ్యాడ్’ 1941లో ఎలింగ్టన్ బ్యాండుతో మొదట రికార్డు చేసింది ఐవీ ఆండర్సన్. ఆమె 1949లోనే చనిపోయింది. ఆ పాటల్లో ఆమె గొంతు ఇంకా ఉంది. క్లూనీ దాన్ని నకలు చేయలేదు, దాటిపోవాలనీ చూడలేదు. మాటను మాటలా పలికింది, అంతే. ‘మూడ్ ఇండిగో’ 1930 నాటిది. అందులో ఎలింగ్టన్ చేసిన చమత్కారం తెలిస్తే మజా ఎక్కువ: పైన వినిపించాల్సిన క్లారినెట్‌ను అట్టడుగుకు దించాడు, కింద ఉండాల్సిన ట్రాంబోన్‌ను మూత పెట్టి పైకి తెచ్చాడు. ఆ మబ్బు కమ్మిన రంగు అలా వచ్చింది. ‘ఇట్ డోంట్ మీన్ ఎ థింగ్’ మాత్రం ఈ రికార్డులో నాకు అంతగా పట్టలేదు. ఆ పాటకు ఎదురుగా డ్రమ్ములు ఉండాలి, చెవుల్లో టేపు కాదు.

‘బ్లూ రోజ్’ అన్న పాట ఎలింగ్టన్ ఆమె కోసమే కొత్తగా రాశాడు. దానికి మాటలు లేవు. ఆలాప్ అనుకోండి. గొంతును ఒక బాజాగా వాడటం ఆయనకు పాత అలవాటు. 1927లోనే అడిలైడ్ హాల్‌తో ‘క్రియోల్ లవ్ కాల్’లో చేశాడు. ఇక ‘పాషన్ ఫ్లవర్’లో గాయని అసలు పాడదు. హాడ్జెస్ శాక్సఫోన్ ఒక్కటే. ఒక గాయని ఆల్బమ్‌లో ఆమె నోరు విప్పని పాట పెట్టడం విడ్డూరమే. ఆ తర్జ్ స్ట్రేహార్న్‌ది. అట్ట మీద లేని మనిషి రికార్డు మధ్యలో అలా కూర్చున్నాడు.

ఆ నెలల్లో బయట ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. అలబామాలోని మాంట్‌గోమెరీలో నల్లవాళ్లు బస్సులు ఎక్కడం మానేసి పనులకు నడిచి వెళ్తున్నారు. ఆ ఏప్రిల్‌లో అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నాట్ కింగ్ కోల్ పాడుతుంటే తెల్లవాళ్లు స్టేజీ ఎక్కి ఆయన మీద పడ్డారు. అలాంటి ఏడాదిలో ఒక తెల్ల గాయని పేరు, ఒక నల్ల ఉస్తాద్ పేరు ఒకే అట్ట మీద అచ్చయ్యాయి. ఒక నల్లవాడు ఆమె ఇంట్లో అతిథిగా ఉండి, ఆమెకు తినిపించి, ఆమె చేత పాడించాడు. జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో ఎలింగ్టన్ బ్యాండు తిరిగి లేచింది. ఆ రాత్రి పాల్ గొన్సాల్వెస్ తన శాక్సఫోన్ మీద ఒకే బందిష్‌ను ఆగకుండా 27 చుట్లు తిప్పాడు, జనం కుర్చీలెక్కి ఆడారు.

గొన్సాల్వెస్ అనగానే నాకు బొంబాయి గుర్తొస్తుంది. ఆంథోనీ గొన్సాల్వెస్‌కు ఈయన చుట్టం కాదు, ఇద్దరి పేర్లూ పోర్చుగీసు వారసత్వం, అంతే. గోవా నుంచి బొంబాయి వచ్చిన ఇలాంటివాళ్లే మన అబ్బాజాన్‌లు రేడియోలో విన్న హిందీ పాటలకు ఆర్కెస్ట్రా రాశారు. శంకర్–జైకిషన్, ఓ.పి. నయ్యర్ పాటల వెనక సెబాస్టియన్ డిసౌజా ఉన్నాడు. కేసెట్ మీద ఆయన పేరు ఎవరు చూశారు? ఆంథోనీ గొన్సాల్వెస్ దగ్గర వయొలిన్ నేర్చుకున్న ప్యారేలాల్, 1977లో ‘అమర్ అక్బర్ ఆంథోనీ’లో గుడ్డులోంచి బయటికొచ్చిన అమితాబ్ నోట తన ఉస్తాద్ పేరు పలికించాడు. జనం నవ్వుకుని చప్పట్లు కొట్టారు. అది ఒక నిజమైన మనిషి పేరని చాలామందికి తెలియదు.

మజ్దూర్‌కు చెమట ఆరకముందే కూలీ ఇవ్వమని మన పెద్దలు చెబుతుంటారు. ఎలింగ్టన్ కూలీ బాకీ పెట్టలేదు. బాకీ పడింది పేరు. దాన్ని కొంత తీర్చాడు కూడా. 1957లో షేక్‌స్పియర్ మీద చేసిన ‘సచ్ స్వీట్ థండర్’ ఇద్దరి పేర్ల మీదా వచ్చింది. 1960లో చైకోవ్‌స్కీ ‘నట్‌క్రాకర్’ను బిగ్ బ్యాండుకు మలిచినప్పుడు ముందు అట్ట మీద ఇద్దరూ ఉన్నారు. బ్లూ రోజ్ తరువాత నాలుగేళ్లకు.

1963లో అమెరికా సర్కారు ఎలింగ్టన్ బ్యాండును మన వైపు పంపింది. దమిష్క్, కాబూల్, ఢిల్లీ, తెహ్రాన్, ఇస్ఫహాన్, బాగ్దాద్. స్ట్రేహార్న్ వెంట వచ్చాడు. కెన్నెడీ హత్యతో ఆ సఫర్ మధ్యలోనే ఆగింది. హాడ్జెస్ కోసం అంతకు కొన్ని నెలల ముందే ఆయన రాసిపెట్టిన ఒక తర్జ్‌కు తరువాత ‘ఇస్ఫహాన్’ అని పేరు పెట్టారు. ఇస్ఫహాన్ నిస్ఫ్-ఎ-జహాన్ అని మన ఇళ్లలో అనేమాట ఆయన విన్నాడో లేదో గానీ, ఆ బందిష్ వింటే విన్నాడనే అనిపిస్తుంది.

1967 మే 31న కేన్సర్‌తో ఆయన పోయాడు. వయసు 51. ఆ ఏడాది ఎలింగ్టన్ అన్నీ స్ట్రేహార్న్ తర్జులతోనే ఒక ఆల్బమ్ చేశాడు. ఒక రోజు రికార్డింగ్ అయిపోయి సాజిందాలు బాజాలు పెట్టెల్లో సర్దుకుంటున్నారు. ఎలింగ్టన్ పియానో దగ్గర నుంచి లేవలేదు. ‘లోటస్ బ్లాసమ్’ వాయించడం మొదలుపెట్టాడు. టేపు ఇంకా తిరుగుతోంది. వెనక మాటలు, సర్దుకుంటున్న చప్పుళ్లు. ఒక్కొక్కటే ఆగిపోయి చివరికి పియానో ఒక్కటే మిగలడం ఆ రికార్డులో వినిపిస్తుంది.