ఆంధ్రదేశమున జర్మనుల జాడలు

చీరాలలో పుట్టి పెరిగినవారికి మగ్గపు చప్పుడును, సముద్రపు ఉప్పుగాలియు, బేర్ ఆసుపత్రియు చిన్ననాటినుండి ఎఱిగినవే. ఈ మూడింటిలో మొదటి రెంటిని గూర్చి ఊరివారు ఎంతయైనను చెప్పగలరు. మూడవదాని పేరు ఏ దేశపు మాట యని విచారించువారు మాత్రము అరుదు. అమెరికా లూథరను మిషను పక్షమున ఇచ్చట స్త్రీలకును శిశువులకును వైద్యము చేసిన డాక్టర్ మేరీ బేర్ అను వైద్యురాలి ఇంటిపేరది. ఆమె అమెరికానుండి వచ్చినను ఆ ఇంటిపేరు జర్మను మాట. ఎలుగుబంటి యని దాని యర్థము. గుంటూరులోని కుగ్లర్ ఆసుపత్రి పేరును అట్టిదే. జర్మనీలో పుట్టిన ఈ పేర్లు అట్లాంటిక్ సముద్రము దాటి అమెరికాకును, అచ్చటినుండి కృష్ణకు దక్షిణముననున్న మన ప్రత్తిచేల నడుమకును చేరిన దారి ఏదియని వెదకబోయినచో, రెండు వందల యేండ్లకు మించిన చరిత్ర మన యెదుట నిలుచును.

ఆంగ్లేయుల యేలుబడిలోని దేశములకు జర్మనులు తరలిపోయి కాపురములు పెట్టిన కథ ఇతరచోట్ల వేఱువిధముగా నడచినది. ప్రష్యా రాజు తన రాజ్యములోని ప్రొటెస్టెంటు శాఖలను బలవంతముగా ఏకము చేయబూనగా, తమ ప్రార్థనాక్రమమును విడువనొల్లని లూథరనులు ఆగస్ట్ కావెల్ అను పాదిరి వెంట 1838లో దక్షిణ ఆస్ట్రేలియాకు ఓడలెక్కిరి. అడిలైడ్ చెంత వారు క్లెమ్జిగ్ అను పల్లెను, మఱుసటి సంవత్సరము హాండార్ఫ్ అను పల్లెను కట్టుకొనిరి. గోధుమలు పండించిరి, ద్రాక్షతోటలు వేసిరి, బడులలో తమ భాషనే నేర్పుకొనిరి. ఆఫ్రికాలో నాటాల్ ఆంగ్లేయుల వశమైన కొలది కాలమునకే, హెర్మన్స్‌బుర్గ్ అను జర్మను పల్లెనుండి బయలుదేరిన మిషనరీలు, తమ వెంట వడ్రంగులను, కమ్మరులను, వ్యవసాయదారులను గొనిపోయి, 1854లో అచ్చట తమ ఊరి పేరుతోనే మఱియొక హెర్మన్స్‌బుర్గును నెలకొల్పిరి. ఆ రెండుచోట్లను వలస యనగా నేలను సంపాదించుటయే. ఆ నేల అంతకుముందు ఎవరిదను ప్రశ్నకు ఆనాటి ప్రభుత్వములు అంతగా చెవి యొగ్గలేదు.

మన దేశమున అట్టి వలసకు తావు లేకుండెను. 1833 నాటి చార్టరు చట్టము వచ్చువఱకు తూర్పిండియా కంపెనీ తన సీమలలో ఐరోపావారు స్వేచ్ఛగా స్థిరపడుటకే ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్న పిమ్మటనైనను, తరతరములుగా కాపుదనము సాగుచున్న ఈ నల్లరేగడి నేలలో క్రొత్తవాడు వచ్చి నాగలి కట్టుటకు ఖాళీ యెక్కడిది? కావున ఆంధ్రదేశమునకు వచ్చిన జర్మనులు రైతులై రాలేదు. పంతుళ్లై, వైద్యులై, ముద్రాపకులై, అన్నిటికంటె ముందుగా మతబోధకులై వచ్చిరి. నేల దొరకనివారికి నిలువనీడ కావలెనన్న జనుల భాష నేర్చుకొనుటయే మార్గము. ఆ దారిని తొలుత త్రొక్కినవాడు బెంజమిన్ షుల్జ్.

హాలె నగరపు విద్యాసంస్థలనుండి 1719లో డేనుల రేవైన తరంగంబాడికి వచ్చిన షుల్జ్, కొన్నియేండ్లకు చెన్నపట్టణము చేరెను. ఆ పట్టణమున అఱవముతోపాటు తెనుగు మాటాడు జనులు విరివిగా నుండుటచే ఆయన తెనుగు నభ్యసించి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణమును వ్రాసెను, బైబిలును తెనిగించెను. ఆ అనువాదము వ్రాతప్రతిగానే మిగిలిపోయినది. అయినను స్వదేశమునకు మరలిన పిదప, 1746–47 సంవత్సరములలో, హాలెలో తెలుగు అక్షరములను పోతపోయించి కొన్ని చిన్న మతగ్రంథములను అచ్చొత్తించెను. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకములుగా వానినే పరిగణించుచున్నారు. బ్రౌను దొర పుట్టుటకు అర్ధశతాబ్దికి పూర్వమే, తెలుగువాడు ఒక్కడును లేని ఊరిలో, మన అకారాదులను సీసమున పోసిన కమ్మటీని చేతిని తలచుకొన్నప్పుడు మనస్సు కరగకుండునా?

షుల్జ్ తరువాత నూఱేండ్లకు గాని మన గుంటూరు సీమకు జర్మనుడు రాలేదు. ఆ వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించెను. నెపోలియను యుద్ధములతో ఐరోపా యల్లకల్లోలమగుచుండగా తలిదండ్రులు ఆ బాలుని 1807లో ఫిలడెల్ఫియాలోని బంధువుల యింటికి పంపిరి. అతడచ్చట పెరిగి, గోటింగెను విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివి, మరల అమెరికాకు పోయి పాదిరి యయ్యెను. పెన్సిల్వేనియా లూథరను సంఘము, అనగా జర్మనునే తల్లిభాషగా నుంచుకొన్న వలసవారి సంఘము, ఆయనను ఇండియాకు పంపినది. 1841లో బోస్టనున ఓడ యెక్కి, సింహళమున దిగి, చెన్నపట్టణము, నెల్లూరు మీదుగా 1842 జూలై 31వ తేదీన ఆయన గుంటూరు చేరెను. అప్పటి కాయనకు నలుబదితొమ్మిదేండ్లు. ఆ కాలమున జనులు విశ్రాంతి కోరుకొను వయస్సది.

అప్పటి గుంటూరు స్థితిని తలచుకొనవలెను. నందన నామ సంవత్సరపు కఱవు, అనగా 1832–33 నాటి మహాక్షామము, జిల్లాను శ్మశానము చేసి పదియేండ్లైనను గడువలేదు. కృష్ణకు ఆనకట్ట లేదు. వాన కురిసిన పంట, కురియకున్న వలస. దిక్కులేని పిల్లలు, చదువునకు గడప దాటనీయబడని మాల మాదిగ కులములవారు పల్లెపల్లెన నుండిరి. కలెక్టరు హెన్రీ స్టోక్స్ తానే హయ్యరును గుంటూరున నిలువుమని కోరి, ఇల్లు చూపి, తాను నడుపుచున్న బడిని అప్పగించెను. పరాయి ప్రభుత్వపు కలెక్టరు నీడన ఈ మిషను మొలకెత్తినదను నిజమును మఱుగుపఱుపరాదు. మతమార్పిడి వారి ముఖ్యోద్దేశ మనుటయు నిజమే. ఆ రెండు నిజములతోపాటు మూడవ నిజమును చెప్పవలసియున్నది. ఊరి బావికి రానీయని వారి పిల్లలను ఒక వరుసలో కూర్చుండబెట్టి, వారి చేతికి పలక నిచ్చి ఓనమాలు దిద్దించుట ఆ నాడు చిన్న పనికాదు. ఆ పలక పట్టిన పిల్లల మనుమలును మునిమనుమలును గుంటూరు మండలమున ఉపాధ్యాయులై, వైద్యులై, న్యాయవాదులై నిలిచినారు.

బోధకునికన్న వైద్యునికి జనుల గడప త్వరగా తెఱవబడునని హయ్యరు గ్రహించెను కాబోలు. 1846లో అమెరికాకు తిరిగిపోయి, ఏబది యేండ్లు దాటిన వయస్సున బాల్టిమోరులో వైద్యము చదివి పట్టా పుచ్చుకొని, 1848లో మరల గుంటూరునకు వచ్చెను. పిదప జ్వరములకు పేరుపడిన పలనాటికి పోయి గురజాలలో నివాస మేర్పఱచుకొనెను. 1857లో స్వదేశమునకు పోయినను ఆయన కథ ముగియలేదు. 1869లో, రాజమహేంద్రవరపు మిషనును నడుపజాలక ఇతర సంఘమున కప్పగింపనున్నారని వినినంతనే, డెబ్బదియాఱేండ్ల వృద్ధుడు తానే పోయెదనని లేచి మూడవసారి సముద్రము దాటి వచ్చి, క్రొత్తగా వచ్చిన యువకులకు పని యప్పగించి, 1871లో మరలెను. రెండేండ్లకు ఫిలడెల్ఫియాలో కన్ను మూసెను. పుట్టినది జర్మనీలో, పెరిగినది అమెరికాలో. ముమ్మారు వెదకికొని వచ్చినది మాత్రము తెలుగు దేశమునే.

రాజమహేంద్రవరపు మిషను కథయు జర్మనులదే. ఉత్తర జర్మను మిషనరీ సంఘమువారు వాలెట్ అను బోధకుని పంపి 1845 ప్రాంతమున గోదావరీతీరమున పని నారంభించిరి. 1848లో ఐరోపా నిండ చెలరేగిన విప్లవములు, డేనులతో జరిగిన యుద్ధము ఆ సంఘమునకు ధనము రాకుండ చేయగా, 1850–51లో వారా మిషనును అమెరికా లూథరనుల కొప్పగించిరి. వారి వెంట వచ్చిన గ్రోనింగ్ మొదలగువారు యజమానులు మాఱినను పని మాఱక, గోదావరి గుంటూరు సీమలలోనే కాలము గడపిరి. ఎక్కడనో బెర్లిను వీథులలో జరిగిన తిరుగుబాటుచే మన రాజమహేంద్రవరమున బడిపంతులు జీతము నిలిచిపోవుటను చూచినచో, లోకము ఆనాడే ఎంత దగ్గఱైనదో తెలియును.

నెల్లూరు మండలపు దక్షిణభాగమున మఱియొక శాఖ కలదు. నాటాలునకు రైతులతో సహా తరలిపోయిన ఆ హెర్మన్స్‌బుర్గువారే, మైలియస్ అను అనుభవజ్ఞుడు ముందుండగా, 1865 ప్రాంతమున సూళ్లూరుపేటలో దిగిరి. అటుపై నాయుడుపేట, గూడూరు, తిరుపతి ప్రాంతములకు వ్యాపించిరి. ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. 1860 అక్టోబరులో చెన్నపట్టణమునుండి పోయిన ట్రూరో అను ఓడతో నాటాలు చెఱకుతోటలకు మన కూలీల వలస మొదలైనది. తెలుగువారు కడుపు చేతబట్టుకొని జర్మనులు కాపురమున్న నాటాలునకు పోవుచుండగా, ఆ జర్మనుల సోదరులే తెలుగువారి ఊళ్లకు వచ్చిరి. అచ్చటి హెర్మన్స్‌బుర్గువాడు భూస్వామియై జర్మనుననే మాటాడుచు నిలిచెను. ఇచ్చటి హెర్మన్స్‌బుర్గువాడు అద్దె బండిలో పల్లెలు తిరుగుచు తెనుగు మాటాడ నేర్చెను. ఒకే ఊరు, ఒకే మతము; భేదమంతయు కాలి క్రింది నేలను బట్టి వచ్చినది.

ఇక మన చీరాలను జర్మనీ మఱియొక దారిని తాకినది. ఇచ్చటి నేతగాండ్రు నూనెతోను, ఆముదపుకాయల బూడిదతోను నూలును పదునుపెట్టి, చిఱివేరు ఎఱుపు నెక్కించి నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశములకు ఎగుమతి యగుచుండెను. 1868లో ఇద్దఱు జర్మను రసాయనవేత్తలు, గ్రేబె, లీబెర్మాన్ అనువారు, ఆ ఎఱుపునకు మూలమైన అలిజరినును తారునుండి తీయు విధమును కనుగొనిరి. అచిరకాలముననే ఆ రంగుపొడి సముద్రము దాటి మన అద్దకపు తొట్లలోనికి వచ్చినది. తీరపు ఇసుకనేలలలో చిఱివేరు త్రవ్వి జీవించువారి బ్రదుకు సన్నగిల్లినది. 1897లో కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చి నీలితోటలకును అదే గతి పట్టించినది. ఒక్క జర్మనుడైనను కాలు మోపనక్కఱలేకయే జర్మనీ మన వీథులలో ఇట్లు కాపురము పెట్టినది. మంగుళూరులో బాసెలు మిషనుకు చెందిన ప్లెబ్‌స్ట్ అను జర్మనుడు 1865లో నెలకొల్పిన పెంకుల కర్మాగారము వలన వ్యాపించిన బంగళాపెంకు తెలుగు ఊళ్లలోని ఇండ్లపైకి ఎక్కి, ఈనాడు మనది యైపోయినది.

1914లో యుద్ధము వచ్చెను. ఏబదియేండ్లు పల్లెలలో తిరిగినవారు ఒక్క దినమున శత్రుదేశీయులైరి. నెల్లూరు సీమలోని హెర్మన్స్‌బుర్గువారును, సాలూరు పార్వతీపురముల మీదుగా జయపురపు కొండలలో 1882నుండి పనిచేయుచుండిన బ్రెక్లుమ్ మిషనువారును నిర్బంధింపబడిరి. పురుషులను పెక్కుమందిని అహమ్మదునగరపు శిబిరమునకు పంపిరి. 1915–16లో స్త్రీలతోను పిల్లలతోను వారిని ఓడ యెక్కించి ఐరోపాకు తఱిమిరి. ఆ పనికి వినియోగింపబడిన ఓడ పేరు గోల్కొండ. అదే కాలమున ఆస్ట్రేలియాలో, 1917 నాటి శాసనముచే అఱువదితొమ్మిది జర్మను ఊరిపేర్లు తుడిచివేయబడి, హాండార్ఫ్ ఆంబిల్‌సైడ్ అయ్యెను. నేలపై తమ పేరు వ్రాసుకొన్నవారి పేరు నేలమీదనే చెఱుపబడినది.

మన దేశమున అట్లు జరుగలేదు; చెఱుపుటకు వారి పేరు గల ఊరు లేకుండెను. దొరలు పోయినను బడులలో పంతుళ్లు తెలుగువారే, గుడులలో బోధకులు తెలుగువారే యగుటచే పని నిలువలేదు. అమెరికా సంఘములవారు ఆస్తులను కనిపెట్టుకొనియుండిరి. 1927లో గుంటూరు, రాజమహేంద్రవరపు మిషనుల సంఘములు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘముగా నేర్పడెను. ఊరనగా నేల మాత్రమే కాదని చీరాల వారికి వేఱొకరు చెప్పనక్కఱలేదు: 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై వేలాది జనులు ఇండ్లు విడిచి రామనగరపు పాకలలో నెలల తరబడి నివసించిరి, ఇటుకలు ఇచ్చటనే యుండినను, ఊరు వారి వెంట నడచినది. మనుష్యులు ఒకరి కొకరు అప్పగించుకొన్నదే నిలుచునని ఈ రెండు కథలును చెప్పుచున్నవి. నేలను పుచ్చుకొన్న వలస నేలతోపాటు వివాదమునకు లోనగును. విద్యను ఇచ్చిపోయిన వలస పుచ్చుకొన్నవారి సొత్తై మిగులును.

ఆ సొత్తునకు సాక్ష్యములు మాత్రము శిథిలమగుచున్నవి. గుంటూరు, గురజాల, రాజమహేంద్రవరము, సూళ్లూరుపేట మొదలగు చోట్లనున్న పాత సమాధుల శిలాక్షరములు వానకు ఎండకు అరుగుచున్నవి. బాప్తిస్మపు పట్టికలు, బడుల హాజరు పుస్తకములు చెదల పాలగుచున్నవి. ఆ పట్టికలలో జర్మనుల పేర్లు కొన్నియే. మన తాతముత్తాతల పేర్లు, వేఱెచ్చటను వ్రాయబడని నిఱుపేదల పేర్లు, వేలు. చరిత్ర చదువుకొను యువకులారా, మీ ఊరిలో అట్టి పుస్తక మొక్కటి కనబడినచో దానిని నకలు వ్రాసి భద్రపఱుపుడు. అది పరదేశీయుల చరిత్ర కాదు, మనది.