కప్పు క్రింది వినోదము



పూర్వము మన కలిగిరి మెట్టసీమ గ్రామములయందు వినోదమునకు గోడలు లేవు, కప్పు లేదు. రచ్చయొద్ద తెర గట్టి, దీపములు వెలిగించి, తోలుబొమ్మలాటవారు తెల్లవారువఱకు రామాయణ భారత కథల నాడుచుండెడివారని పెద్దలు చెప్పగా వింటిని. ఊరందఱు కలిసి వారికి ధాన్యమును, రొక్కమును ఇచ్చుచుండిరి. ఇచ్చినవాడును, ఈయలేనివాడును ఒక్క నేలమీదనే కూర్చుండి చూచిరి. ఇట్టి వినోదమునకు కప్పు ఎట్లు వచ్చెనో, దానివలన కలిగిన లాభనష్టము లెట్టివో నేడు మనవి చేసెదను.

1880వ సంవత్సరమున ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరమునకు వచ్చి, పాక వేసికొని నాటకము లాడిరి. వారు వెడలిపోయిన పిదప కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ పాకయందే తమ విద్యార్థులచే తెలుగు నాటకము లాడించిరి. పరులు విడిచిన పాకలో మన నాటకము కన్ను తెఱచినది.

1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు మొదలగువారు కీచకవధ నాడిరి. వీరి పూర్వులు తోలుబొమ్మలాటవారే. సురభివారు గుంజలు, రేకులు, తెరలు వెంటగొని ఊరూర రంగశాలను నిలిపిరి. 20వ శతాబ్ది ఆరంభమున కోడి రామమూర్తి నాయుడుగారు సర్కసు డేరాలో ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొని ప్రజల నాశ్చర్యపఱచిరి.

కప్పునకు ద్వారము కావలెను. ద్వారమునకు టిక్కెట్టు వచ్చెను. టిక్కెట్టు సొమ్ముతో ఆటగాండ్రకు కూడు దొరకెను. ఇది లాభము. నష్టమును వినుడు. 1899లో మన నెల్లూరున వేదము వేంకటరాయశాస్త్రులవారు ఆంధ్రభాషాభిమాని సమాజమును స్థాపించిరి. వారు తమ ప్రతాపరుద్రీయ నాటకమున చాకలివానిచే చాకలివాని మాటలనే పలికించిరి. ఆ భాష రంగస్థలము నెక్కినది. కాని ఆ భాష మాటాడువానికి టిక్కెట్టు కొనుశక్తి లేనిచో వాడు వెలుపలనే నిలువవలసివచ్చెను.

ఇట్టి కథయే సముద్రముల కావలను జరిగినది. అమెరికాలోని న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను క్రీడావినోదశాల కలదు. మొదట అది కప్పులేని పాత రైలు ఆవరణము. 1879లో దానికి ఆ పేరు పెట్టిరి. 1890లో ఆ చోటనే గొప్ప భవనమును కట్టిరి. ఆదాయము చాలనందున, అప్పిచ్చిన భీమా సంఘమువారు 1925లో దానిని పడగొట్టించిరి. వేఱొకచోట ఆ సంవత్సరమే మూడవది, 1968లో నాలుగవది వెలసెను. నేడున్నది నాలుగవది, సుమారు 20 వేలమంది అందు కూర్చుండి చూడవచ్చును.

టిక్కెట్టుపైననే బ్రతుకు శాల టిక్కెట్టుతోడనే పడును. చూచుటకు ప్రజలున్నంతవఱకు రేకుల పాకయు నిలుచును. సురభివారు నేటికిని ఆడుచునే యున్నారు గదా!

కప్పు కళాకారునకు కూడు పెట్టినది. ద్వారము బీదవానిని వెలుపల నిలిపినది. ఈ రెంటిని పొసగించు ఉపాయము మన పెద్దలయొద్దనే కలదు. గ్రామమున సభాభవనమును కట్టుకొన్నవారు ఏటికొక్క రాత్రియైనను ఊరుమ్మడి సొమ్ముతో ఆటగాండ్రను పిలిపించి, తలుపులు బార్లా తెఱచియుంచవలయునని నా మనవి.