ఒంటరిగా వాయిస్తే పాట వినబడాలి: ద్వారం వయొలిన్ నుంచి మన తుడుం దాకా

మేం గరివిడిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నోళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటి మనుషులం మేమే. ఈసారి వాయిద్యాల చరిత్ర గురించి రాస్తున్నాం. పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

రాత్రిపూట మా గదుల్లో ఫోన్లలో ఎక్కువగా నడిచేవి బేస్ గిటార్ సోలోలు. బొటనవేలితో తీగని కొట్టి, చూపుడువేలితో లాగి వదులుతారు. రెండు చేతులతోనూ గిటార్ మెడ మీద టకటకా నొక్కేస్తారు. చూసినంతసేపూ కళ్లు తిప్పుకోలేం. ఫోన్ పక్కన పెట్టాక మాత్రం ఒక్క ముక్క కూడా నోటికి రాదు. ఏం విన్నామంటే చెప్పలేం, ఏం చూశామంటే చెప్పగలం. అక్కడే మాకు ప్రశ్న పుట్టింది. ఒక్కడే కూర్చుని వాయించేటప్పుడు చేతి పనితనం గొప్పదా, పాట గొప్పదా?

ముందు బేస్ గిటార్ అంటే ఏటో చూద్దాం. మామూలుగా దానికి నాలుగు లావుపాటి తీగలుంటాయి. మామూలు గిటార్ కన్నా ఒక స్థాయి కిందన పలుకుతుంది. అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ 1951లో ప్రెసిషన్ బేస్ అనే మోడల్ తెచ్చాక అది ఊరూరా పాకింది. దాని పని ముందుకొచ్చి పాడటం కాదు, వెనకుండి పాటని మొయ్యడం. మన ధింసాలో తుడుం చేసే పని లాంటిదే. తుడుం మీద ఎవరి కళ్లూ ఉండవు, కానీ తుడుం తప్పితే వరసలో అందరి అడుగూ తప్పిపోద్ది.

మరి మొయ్యడానికి అలవాటుపడిన వాయిద్యం ఒంటరిగా ముందుకొచ్చి కూర్చుంటే ఏం వాయించాలి? దీనికి జవాబు చెప్పిన మనిషి మనకి దగ్గరలోనే ఉన్నాడు. గరివిడిలో రైలెక్కి నెల్లిమర్ల దాటితే విజయనగరం. అక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు.

వయొలిన్ మన దేశపు వాయిద్యం కాదు. తెల్లోళ్లతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చాడని చరిత్ర చెబుతుంది. వాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకు వాయిస్తే, మనోళ్లు నేల మీద కూర్చుని, వయొలిన్ చివరని పాదం మీద ఆనించి వాయించారు. అయితే దానికి ఇచ్చిన చోటు మాత్రం పక్క చోటే. గాయకుడు ఒక సంగతి పాడితే వెనకాలే అదే సంగతి పలకాలి. దాన్నే పక్కవాద్యం అన్నారు. అంటే కచేరీలో వయొలిన్ పరిస్థితి కూడా ఒక విధంగా బేస్ గిటార్ పరిస్థితే.

ద్వారం గారు 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖ వైపు పెరిగారు. మొదట నేర్పింది సొంత అన్నయ్యే. కళ్లు సరిగా ఆనేవి కావు. విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతి గారు 1919లో సంగీత పాఠశాల పెట్టారు. దానికి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళితే, దాసు గారు ఆయన వాయిద్యం విని, నువ్వు నేర్చుకోవాల్సినోడివి కాదు, నేర్పాల్సినోడివి అనీసి ఉద్యోగం ఇప్పించారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు దాటాయంతే. తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

1938లో వెల్లూరులో ద్వారం గారు గాయకుడు లేకుండా వయొలిన్ కచేరీ చేశారు. కర్ణాటక సంగీతంలో మొదటి సోలో వయొలిన్ కచేరీ అదేనని చెబుతుంటారు. పక్కన కూర్చున్న వాయిద్యం మధ్యకి వచ్చింది. ఇక్కడ ఆయన ముందు రెండు దారులున్నాయి. గాయకుడు లేడు కదా, గొంతు చెయ్యలేని గారడీలన్నీ చేసీయొచ్చు. కమాను పరుగెత్తించి జనాన్ని నోరెళ్లబెట్టించొచ్చు. రెండోది, గాయకుడు లేని లోటు తెలీకుండా వయొలిన్ చేతే పాడించడం. ఆయన పేరు నిలిచింది ఈ రెండో దారిలోనే.

పాడించడం అంటే ఊరికే అందంగా చెప్పే మాట కాదు, చేతి పనే. వయొలిన్‌కి మాటలు రావు. కృతిలో సాహిత్యం ఉంటుంది, దాన్ని పలికించాల్సింది కమానే. ఒక మాట పూర్తయ్యేదాకా కమాను తెగకూడదు. అక్షరం మారిన చోట కమాను మారాలి. గాయకుడు ఊపిరి పీల్చే చోట తీగ కూడా ఆగాలి. ఇలా వాయిస్తే పాట తెలిసినవాడికి మాటలు వినబడతాయి. దీన్ని గాయకీ పద్ధతి అంటారు. ద్వారం గారి కమాను పొడుగ్గా, నిండుగా, తీపిగా పలికేదని విన్నోళ్లంతా చెప్పారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ మద్రాసు వచ్చినప్పుడు ఆయన వాయిద్యం విని మెచ్చుకున్నాడు. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1964లో కన్నుమూశారు.

ఇక్కడొక పొరపాటు అర్థం రాకూడదు. ద్వారం గారికి వేగం రాదని కాదు. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరసలే మూడు కాలాల్లో సాధన చేయిస్తారు. మొదటి కాలం నెమ్మది, రెండోది దానికి రెట్టింపు, మూడోది ఇంకా రెట్టింపు. నేర్చుకునేవాళ్లందరికీ మూడో కాలం మీదే మోజు. కానీ తప్పు దొరికిపోయేది మొదటి కాలంలోనే. నెమ్మదిగా వాయిస్తే స్వరం వణికినా, శ్రుతి తప్పినా దాక్కోడానికి చోటుండదు. వేగంలో సగం తప్పులు కొట్టుకుపోతాయి.

ఆ కాలేజీలోనే మన సాలూరు నుంచి వెళ్లిన పట్రాయని సీతారామశాస్త్రి గారు గాత్రం నేర్పారు. ఘంటసాల ఆయన శిష్యుడే. ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకు తిని చదువుకున్నాడు ఘంటసాల. హాస్టల్ అన్నం విలువ తెలిసిన మనకి ఆ ఆకలి ఏంటో వేరే చెప్పక్కర్లేదు. పి. సుశీల గారు చదువుకుంది కూడా ఆ కాలేజీలోనే. గారడీ కన్నా గొంతుకి పెద్దపీట వేసిన ఊరది.

ద్వారం గారి తర్వాత ఇదే ప్రశ్న ఇంకో తెలుగువాడి ముందుకొచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్. మాండొలిన్ కూడా బయట నుంచి వచ్చిందే. మెట్లుంటాయి, తీగ మీటగానే శబ్దం చచ్చిపోద్ది. దాని మీద గమకం పలకదని పెద్దలు అనుకునేవారు. ఈయన నాలుగు జతల తీగలున్న మాండొలిన్ మానీసి, ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. 1983లో, ఇంకా మనలో ఇంటర్ పిల్లల కన్నా చిన్న వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. ఆయన వేళ్ల వేగం చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది. కానీ ఆయన నేర్చుకున్న తీరు చూడండి. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది మాండొలిన్ మీద పలికించేవాడు. అంటే ఆ వేగమంతా ఒక గొంతు వెనకాల పరుగెత్తిన వేగం. శ్రీనివాస్ 2014లో, నలభై ఐదేళ్లకే పోయాడు. ఆయన వేగాన్ని కాపీ కొట్టినోళ్లు చాలామంది. ఆ గొంతుని కాపీ కొట్టడం అంత సులువు కాదు.

ఇప్పుడు మళ్లీ బేస్ గిటార్ దగ్గరకి వద్దాం. 1976లో జాకో పాస్టోరియస్ అనే అమెరికన్ కుర్రాడు తన పేరుతోనే మొదటి ఆల్బం తెచ్చాడు. మెట్లు లేని బేస్ వాయించేవాడు. మెట్లు లేకపోతే వయొలిన్ లాగే స్వరాన్ని జార్చొచ్చు, ఊపొచ్చు, ఏడిపించొచ్చు. ఆ ఆల్బంలో మొదటిది డోనా లీ. సాక్సఫోన్ మీద వాయించడానికే కష్టమైన పరుగు పాట. దాన్ని ఒక్క డ్రమ్ము తోడుతో బేస్ మీద వాయించాడు. అదే ఆల్బంలో పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ అనే ఇంకో ముక్క ఉంది. అది భార్య పేరు మీద చేసింది. తీగని గట్టిగా నొక్కకుండా వేలు తాకించి గంటల్లాంటి శబ్దం రప్పిస్తాడు. అదీ కష్టమైన టెక్నిక్కే. కానీ వింటున్నప్పుడు కష్టం గుర్తురాదు, ఒక మనిషి ముఖం గుర్తొస్తుంది. పరుగూ ఆ మనిషిదే, ముఖమూ ఆ మనిషిదే. వెనకొచ్చినోళ్లు ఎక్కువగా పట్టుకుంది పరుగునే.

జాకో కన్నా ముందు జేమ్స్ జేమర్సన్ ఉన్నాడు. 1936లో అమెరికా దక్షిణ ప్రాంతంలో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు ఒక కర్రకి రబ్బరు కట్టి మీటుకునేవాడని చెబుతారు. డెట్రాయిట్ వెళ్లాక మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించాడు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆ ఒక్క వేలితో అమెరికా మొత్తాన్ని డాన్స్ చేయించాడు. అయినా అట్టల మీద ఆయన పేరు ఉండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బం మీద పేరు పడేదాకా, ఇంటింటా ఆ పాటలు విన్నోళ్లకి ఆయనెవరో తెలీదు. 1983లో పోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకుంది 2000లో.

ఇక్కడే మన వాళ్లు ఒక మాట అంటారు, దానికి జవాబు చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. "పాటని మోసినోడికి పేరు రాదు. వేళ్లు చూపించినోడికే పేరు. మనకేమో ఎప్పుడూ నీకేం రాదురా అన్న మాటే. మేం వేగంగా వాయించి చూపిస్తే తప్పేంటి?" తప్పు లేదు. నీకు రాదు అన్నోడి ముందు వేగం గట్టి సాక్ష్యమే. కానీ ఆ సాక్ష్యం ఆ ముప్పై సెకన్లకే పనికొస్తుంది. రేపు ఇంకోడు ఇంకా వేగంగా వస్తాడు. జేమర్సన్ పేరు రాయకపోవడం ఆయన వాయిద్యంలో లోపం కాదు, రాయాల్సినోళ్ల లోపం. ఆ తేడా మనకి తెలియాలి.

ఎందుకంటే ఇదే ఇప్పుడు మన పాటకి జరుగుతోంది. ధింసాలో మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు ఉంటాయి. బోడ ధింసా గ్రామదేవత కోసం. పోతర్ తోల ధింసా ఆకులు కోసే పనిలోంచి వచ్చింది. భాగ్ ధింసా పులి భయంలోంచి వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో నడక. చైత్రంలో, పెళ్లిళ్లలో రాత్రంతా ఆడే ఆట అది. నెమ్మదిగా మొదలై, అడుగులు కలిశాక, ఒళ్లు వేడెక్కాక వేగం దానంతటదే వస్తుంది. స్టేజీ మీద మనకిచ్చేది ఐదు నిమిషాలు. అందుకని నెమ్మది భాగం కోసీసి చివరి వేగం ఒక్కటే ఆడతాం. డప్పు ఎగరేసి పట్టుకుంటాం. చప్పట్లు పడతాయి. కానీ బోడకీ భాగ్‌కీ తేడా చూసేవాళ్లకి తెలీదు. ఇంకో పదేళ్లకి ఆడేవాళ్లకి కూడా తెలీదు. పాట పోయి పనితనం ఒక్కటే మిగిలితే, అది మన ఆట అని చెప్పుకోడానికి బట్టలు తప్ప ఆధారం ఉండదు.

ద్వారం గారి దగ్గరున్న కొలత గొంతు. శ్రీనివాస్ కొలతా అదే. జేమర్సన్ కొలత ఆడేవాళ్ల ఒళ్లు. మన తుడుం కొలత పక్కపక్కన చేతులు కలిపి నిలబడిన ఆడవాళ్ల అడుగు. ఆ కొలతకి లోబడినంతకాలం ఎంత టెక్నిక్ అయినా అందమే. కొలత లేని టెక్నిక్ మాత్రం వట్టి చేతుల కసరత్తు.

అందుకని మేం కొన్ని అనుకున్నాం, మీరూ ఆలోచించండి. మనలో గిటార్, కీబోర్డ్ నేర్చుకుంటున్నోళ్లు ఏ ముక్కైనా ముందు నోటితో పాడాలి. నోటికి రానిది వేళ్లకి తెచ్చుకుని లాభం లేదు. ఆగస్టు 9న స్టేజీ ఎక్కితే ఆ ఐదు నిమిషాల్లో మూడు నిమిషాలు నెమ్మది నడకకే ఇద్దాం. చప్పట్లు ఆలస్యంగా పడితే పడనీ. సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు సవర, జాతాపు, గదబ, కొండదొర, ఏ ఊరైనా సరే, మోరి ఊదే తాతని, తుడుం కొట్టే మావని అడిగి, మొదలు నుంచి చివరిదాకా కోత లేకుండా ఫోన్లో రికార్డు చేద్దాం. వాళ్లు సరే అంటే ఊరి పేరు, మనిషి పేరు, అది ఏ పండగ పాటో కింద రాద్దాం.

ద్వారం గారి పేరు రాసి పెట్టినోళ్లు ఉన్నారు కాబట్టి ఆయన మనకి తెలిశారు. జేమర్సన్ పేరు ఆలస్యంగానైనా రాశారు. మన తుడుం మావల పేర్లు రాయాల్సింది మనమే. ఇంట్లో మొదటిసారి పెన్ను పట్టుకున్నోళ్లం మనం కదా.

జై ఆదివాసీ.