గోడలోని తేనెపట్టు గురించి, ఆదివారం సమావేశానికి ముందు



సంఘం భవనం వెనక గోడ సందులో తేనెటీగలు చేరాయి, సున్నం వేసే ముందు కిరసనాయిలు పోసి కాల్పించేద్దాం అని పోయిన సమావేశంలో అనుకున్నాం. మేమూ తలూపాం. ఇంటికి వచ్చాక మనసొప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలు. మేము చదివింది తమిళంలో. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక మనుమరాలి పలక మీద దిద్దుకున్నవి. తప్పులుంటే పెద్దలు సర్దుకోవాలి.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. నలభై ఏళ్ల కిందట ఒక చిన్న స్టేషనులో పనిచేసేటప్పుడు ప్లాట్‌ఫారం చివర చింతచెట్టుకు పెద్ద తేనెపట్టు ఉండేది. ఒక ప్రయాణికుణ్ణి కుట్టిందని రాత్రికి రాత్రి కాగడా పెట్టించాం. పొద్దున చెట్టు కింద చచ్చిన ఈగలను చీపురుతో కుప్ప చేశారు. మరుసటి ఏడు చింతకాయ వేలంలో పాట బాగా తగ్గింది. ఆ కాగితం రాసింది మేమే. ఆ ఏడు వానలూ సరిగా లేవు కాబట్టి నేరమంతా ఆ కాగడాదే అనలేం. కానీ ఆ కుప్ప ఇంకా కళ్ల ముందే ఉంది.

మన ధర్మపురికి పాత పేరు తగడూరు. అదియమాన్ తనకు దొరికిన అరుదైన ఉసిరికాయను తాను తినక ఔవైయారుకు ఇచ్చిన కథ మన పిల్లలందరికీ తెలుసు. మేమూ బడిలో అప్పజెప్పాం. పూతకు ఈగ రాకపోతే కాయ ఎక్కడిది అని మాత్రం ఏ మాస్టారూ అడగలేదు. ఈ ఊరికి కలెక్టరు రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన థామస్ మన్రో ఇక్కడ తోట పెంచుకున్నాడు. 1799లో కెనరాకు వెళ్లమన్నప్పుడు ఆ తోటను విడవడం కష్టంగా ఉందని ఉత్తరాల్లో రాసుకున్నాడు. తర్వాత ఆయన కడప, బళ్లారి వైపు పోయి మనవాళ్లకు మన్రోలయ్య అయ్యాడు. అది వేరే కథ, ఇంకోసారి.

మన గోడలో ఉన్నది కొండతేనె ఈగ కాదు. కొండ ఈగ పెద్దది, బయట వేలాడే ఒకే పట్టు పెడుతుంది, కోపం ఎక్కువ. మన గోడలోది చిన్నది. తొర్రల్లో, పుట్టల్లో చీకట్లో వరుసగా పట్లు పెడుతుంది. ఈ జాతినే మన పెద్దలు మట్టికుండల్లో పెంచేవారు. తేనె కావాలంటే పట్టంతా కోసి పిండడమే. పిల్ల ఈగలూ అందులోనే నలిగిపోయేవి. తిరుచ్చిలో ఫాదర్ న్యూటన్ అనే జెస్యూట్ పాదిరీ ఈ చిన్న ఈగకు సరిపడే చెక్కపెట్టె తయారుచేసి, 1911 నుంచి 1917 దాకా పల్లెవాళ్లకు నేర్పించాడు. చట్రాలు ఒక్కొక్కటిగా బయటికి తీయవచ్చు, ఈగను చంపకుండా తేనె తీయవచ్చు. ఇప్పటికీ దాన్ని న్యూటన్ పెట్టె అనే అంటారు. ఖాదీ అంగడి తేనెసీసా వెనక ఉన్నది ఆ పెట్టెల కథే.

ఆ కథకు 1991లో పెద్ద దెబ్బ తగిలింది. థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం దక్షిణాదికి వచ్చింది. పిల్ల పురుగు నీళ్ల సంచిలాగా ఉబ్బి గదిలోనే చచ్చిపోతుంది. దానికి మందు లేదు. ఒకటి రెండేళ్లలో తమిళనాడు, కేరళ, కర్ణాటకల్లో పెట్టెల్లోని చిన్న ఈగ గుంపులు నూటికి తొంభైకి పైగా పోయాయి. చాలామంది పెట్టెలు అటక మీద పడేశారు. కొందరు ఇటలీ ఈగకు మారారు. మళ్లీ ఈ జాతి ఎలా లేచింది? రోగాన్ని తట్టుకుని మిగిలిన గుంపుల నుంచి. అలాంటివి తొర్రల్లో, పాత గోడల్లో ఎవరూ ముట్టకుండా వదిలేసినచోట కూడా మిగిలాయి. మన గోడలోని గుంపును విత్తనాల గంప అంటున్నది అందుకే. విత్తనాలకు ఎవరైనా కిరసనాయిలు పోస్తారా?

తేనె ఒక్కటే కాదు. మన మెట్టచేలలో పసుపుపచ్చగా పూచే వెర్రినువ్వులు చూడండి. తమిళంలో పేయెళ్ళు, కన్నడంలో హుచ్చెళ్ళు. ఒకరు దయ్యం పట్టిందన్నారు, ఇద్దరు వెర్రి అన్నారు! ఆ మొక్కకు తన పుప్పొడి తనకు పనికిరాదు. పక్క మొక్క పుప్పొడిని ఈగ మోసుకొస్తేనే గింజ. గుమ్మడికీ అంతే. మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మా మిద్దె మీద పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతుంటే మా ఆవిడ పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వులో అద్దింది. రెండు కాయలు నిలిచాయి. ఈగ చేసే పనికి ఇంట్లో మేము కూలి! మునగపువ్వు మీద వాలే నల్ల తుమ్మెదనూ తరమకండి, మునక్కాయ దాని చలవే. మామిడితోటలున్నవాళ్లకు ఒక మాట. తేనెమంచు పురుగుకు మందు కొట్టక తప్పదు, తెలుసు. పూత విచ్చుకోకముందే కొట్టండి. నిండు పూతలో పట్టపగలు కొడితే పురుగుతో పాటు కాయ కట్టించే ఈగలూ పోతాయి.

ఇళ్లల్లో చేయగలిగినవి చిన్న పనులే. తులసి వెన్నులు అన్నీ తుంచకుండా కొన్ని పూయనివ్వండి. ఎండాకాలం వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు వేసి నీళ్లు పెట్టండి, రాళ్లు లేకపోతే ఈగలు మునిగిపోతాయి. వాకిలంతా సిమెంటు చేయకుండా ఒక మూల మట్టి వదలండి, నేలలో గూడు పెట్టే ఒంటి ఈగలున్నాయి. వీధిలో కానుగ చెట్టు కొట్టడానికి ఎవరైనా వస్తే అడ్డం నిలబడండి. హైవే వెడల్పు చేసినప్పుడు పోయిన చింతలు చాలు.

ఇక గోడ సంగతి. ఈగలు పెంచే ఒకాయనను అడిగాం. రెండు ఇటుకలు తీసి, పట్లు మెల్లగా కోసి, అరటినారతో చట్రాలకు కట్టి, రాణి ఈగను పెట్టెలో చేరిస్తే మిగతావి చీకటి పడేలోగా వెనకే వస్తాయట. ఒక సాయంత్రం పని. పెట్టె ఖర్చు మాది. పిల్లలు ఆడుకునే వైపు కాకుండా, బావి దగ్గర మునగచెట్టు కింద అయితే మేలని మా అభిప్రాయం. ఆదివారం చోటు ఒక్కటి తీర్మానం చేయండి. సున్నం వేసేవాళ్లను పది రోజులు ఆగమని మేము ఇప్పటికే చెప్పాం. అడగకుండా చెప్పినందుకు అధ్యక్షులవారు మన్నించాలి.