తళి కపిలి మాటలు ఆనేకల్లుకి ఎట్ల పోయినాయి

మా హొసూరు సీమలో, తళి పక్క ఒక ఊర్లో ఒక పెద్దాయన కపిలి తోలిన కాలం గురించి గంటసేపు చెప్పినాడు. తొండం, మోకు మొదలుకొని ఎద్దులు దిగే వాలు దాకా పదకొండు మాటలు రాసుకుంటిమి. ఆ పదకొండూ మా పటంలో మూడేళ్లపాటు కర్ణాటకలోని ఆనేకల్లు పక్క ఊరి మాటలుగా ఉండినాయి. తప్పు నాదే.

ఊరి పేరుకి ఇంత పట్టింపు ఎందుకంటే, మా మాటలు పుస్తకాలకెక్కింది తక్కువ. గ్రియర్సన్ భాషా సర్వేలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. బొంబాయి, బెళగావి పక్కల ఉండే కామాఠీ, దాసరి, వడరి వాళ్ల తెలుగు అందులో ఉండాది. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, హైదరాబాదు మాత్రం ఆ సర్వే కిందికే రాలేదు. అప్పట్లో సేలం జిల్లాలో ఉండిన హొసూరు ఇంక యాడుంటుంది! భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. సేద్యం మాటలకి అది పెద్ద దిక్కు, అయితే ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఏరిన మాటలు అవి. గీతకి ఇవతల మేమే ఏరుకోవాల.

అట్ల ఏరడానికి ఒక మే నెలలో మూడు రోజులు తిరిగితిమి. మొదటి రోజు బాగలూరు పక్క, రాత్రి తళి పక్క పడక, రెండో రోజు ఆనేకల్లు. జీపీఎస్ నడుస్తానే ఉండింది. మాటలు ఫోన్లో రికార్డు చేస్తిమి, ఊరి పేరు రాయలేదు. టైము చూస్తే జీపీఎస్ చెప్తుంది కదా అని ధైర్యం.

చెప్పింది కూడా. పెద్దాయన రికార్డింగు రెండో రోజు 5:10ది. ట్రాక్‌లో ఆ రోజు 5:10 చుక్క ఆనేకల్లులో ఉండాది. అంతే, రాసేస్తిమి.

మొన్న ఆ ట్రాక్‌ని క్యూజీఐఎస్‌లో తెరిచి, రోజుకొక రంగు వేద్దామని కూర్చుంటి. జీపీఎక్స్ ఫైలు తెరిస్తే ట్రాక్‌లు గీతలుగా వస్తాయి, ట్రాక్ పాయింట్లు వేరే లేయరుగా వస్తాయి. రంగు వేయాల్సింది పాయింట్లకి. సింబాలజీలో క్యాటగరైజ్డ్ పెట్టి టైమ్ అనే గడిని నేరుగా ఇస్తే చుక్కకొక రంగు వచ్చి పటం జాతరైపోతుంది. ఫార్మాట్ డేట్ ఫంక్షన్‌తో గంటలు తీసేసి, తేదీ మాత్రం మిగిలించాల.

మొదటి రోజు ఎరుపు, రెండో రోజు పచ్చ, మూడో రోజు నీలం. రంగు మారాల్సింది రాత్రి పడుకున్న తావులో. నా పటంలో మాత్రం పెద్దాయన ఇంటి నుంచి పాత బావికి పోయే గట్టు మీద, సగం దారిలో ఎరుపు పోయి పచ్చ వచ్చింది. అర్ధరాత్రి గట్టు మీద ఎవరు నడిచినారు? ఎవరూ లేరు. తెల్లారి ఐదున్నరకి, మాట్లాడుకుంటా ఆ గట్టు మీద పోతా ఉంటిమి.

జీపీఎక్స్‌లో టైము యూటీసీ. మన గడియారానికి 5 గంటల 30 నిమిషాలు వెనక. మనకి తెల్లవారుజాము ఐదున్నర అయితేనే దానికి తేదీ మారేది. ఆనేకల్లులో ఉండిన 5:10 చుక్క, మన లెక్కలో పగలు 10:40ది.

మీ దగ్గర ట్రాక్‌లు ఉంటే ముందు ఒక చుక్క మీద నొక్కి, టైము మీ జ్ఞాపకంతో సరిపోతుందా చూడండి. వెనకుంటే, తేదీ తీసేదానికి ముందే 5:30 కలపండి. పాత చేతి జీపీఎస్‌లతో ఇంకో చిక్కు: జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకొకసారి సున్నాకి పోతుంది. 2019 ఏప్రిల్ 6 రాత్రి అట్ల పోయింది. తర్వాత కొన్ని పాత పరికరాలు దాదాపు ఇరవై ఏళ్లు వెనకటి తేదీలు వేస్తాయి. రంగు వేస్తే అవీ బయటపడతాయి.

పెద్దాయన ఇప్పుడు లేడు, మళ్లీ అడిగేకి కాదు. 5:30 కలిపినాక ఆ పదకొండు మాటలూ తళి పక్కకి తిరిగి వచ్చినాయి. ఆనేకల్లు పేరు కింద ఇప్పుడు కపిలి మాట ఒక్కటీ లేదు. అక్కడ అయిపోయిందనుకొని, ఇన్నేళ్లూ ఎవర్నీ అడగనే లేదు.