షీర్ ఖుర్మాలో దక్కన్ అడవి: మొర్రి చెట్టు – పాతబస్తీ ఆహారచరిత్ర

పాలు, ఖర్జూరం అనే అర్థాన్నిచ్చే ఫారసీ పదాల కలయిక షీర్ ఖుర్మా. రంజాన్ పండుగనాడు హైదరాబాద్ పాతబస్తీ ఇళ్ళలో తప్పక కనిపించే ఈ వంటకాన్ని పశ్చిమాసియా వారసత్వంగా పరిగణించడం పరిపాటి. పేరు, ఖర్జూరం అటునుంచి వచ్చినవే. అయితే అందులో నేతిలో వేయించి వేసే చిరోంజీ పలుకులకు ఇరానుతో సంబంధం లేదు. అవి భారత ఉపఖండం, ఆగ్నేయాసియా అడవులలో సహజంగా పెరిగే ఒక చిన్న చెట్టు గింజలు. దమ్ కా ముర్గ్ మసాలాలో నూరి కలిపేదీ ఈ పప్పునే. తెలుగు ఇళ్ళలో ఇది సారపప్పు. అడవిలో దీని చెట్టు మొర్రి.

మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన ఈ చెట్టు శాస్త్రీయ నామం బుకనానియా లాంజన్. స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ బుకానన్ పేరు ఈ ప్రజాతికి పెట్టారు. టేకు, నల్లమద్ది వంటి ఎత్తైన చెట్ల నడుమ ఇది పెరుగుతుంది. చలికాలం చివర ఆకుపచ్చ ఛాయగల చిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తాయి. వేసవిలో కాయలు నల్లగా పండుతాయి. సంస్కృతంలో ఇది ప్రియాళం. కుమారసంభవం మూడవ సర్గలోని అకాల వసంత వర్ణనలో, ఈ పూల పుప్పొడి కళ్ళలో పడి చూపు మసకబారిన లేళ్ళు కనిపిస్తాయి. కావ్యానికి పువ్వు చాలింది. గింజ వెనుక ఉన్న శ్రమతో దానికి పనిలేదు.

ఆ శ్రమ స్వల్పమైనది కాదు. పండ్లను రాత్రంతా నీటిలో నానబెట్టి, గుజ్జు పోయేలా రుద్ది కడిగి, టెంకలను ఎండబెడతారు. తరువాత తిరగలిలోనో రాళ్ళ మధ్యనో పప్పు చితకకుండా పగలగొట్టాలి. ధర పలికేది విరగని పప్పుకే. టెంకలుగానే అమ్ముకున్న ఆదివాసికి ఆ ధరలో దక్కేది కొద్దిపాటి. నల్లమల చెంచులకు మాత్రం మొర్రి మొదట ఆకలి తీర్చే పండు, ఆ తరువాతే సరుకు. హైమన్‌డార్ఫ్ చెంచులపై 1943లో వెలువరించిన గ్రంథం అటవీ సేకరణపై ఆధారపడిన ఇటువంటి జీవనాన్నే నమోదు చేసింది.

నిజాం రాజ్యంలో ఈ జీవనానికి, ప్రభుత్వానికి మధ్య అటవీ చట్టం నిలిచింది. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన పోరాటం భూమితో పాటు అడవిపై హక్కు కోసం కూడా సాగింది. ఆ తరువాత వచ్చిన 1355 ఫసలీ (1945-46) హైదరాబాద్ అటవీ చట్టం కూడా అడవిని ప్రభుత్వ నియంత్రణలోనే ఉంచింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై సేకర్తలకు యాజమాన్య హక్కును గుర్తించిన కేంద్ర చట్టం 2006లో గాని రాలేదు. ‘చిన్నతరహా’ అన్న మాట కలపను ప్రమాణంగా తీసుకున్న అధికారులది. మొర్రి ఏరుకునే కుటుంబం దృష్టిలో ఆ పేరుకు అర్థం లేదు.

హక్కు వచ్చేనాటికే చెట్టు తగ్గుముఖం పట్టింది. ఇతరులకన్నా ముందు కోసుకోవాలన్న పోటీలో కాయలు పండకముందే దులుపుతున్నారు, కొమ్మలు నరుకుతున్నారు. విత్తనమే సరుకు కావడంతో నేలరాలి మొలకెత్తేవి అరుదయ్యాయి. పాతబస్తీ వంటకాలపై వచ్చిన రచనలు మొఘల్, తుర్కీ, ఇరానీ మూలాలను వెదికినంత శ్రద్ధగా ఈ అడవి దారిని వెదకలేదు. బజారులో చిరోంజీగా మారిన పేరు ఆ దారిని కొంత కప్పివేసింది. మూసీ ఒడ్డున వండే పాయసంలోని పలుకును మొర్రి అని పిలిచినప్పుడు, దానిని ఏరిన చేతులు కూడా నగర చరిత్రలో భాగమవుతాయి.